యాక్సిడెంట్ అయి 11 వారాలు. అందరూ “తేరుకున్నాడు” అంటున్నారు, నాకు నమ్మకం లేదు. ఇది పీటీఎస్‌డీ (పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్, ఘోరం జరిగాక మనసుకు పట్టే జబ్బు) అంటారా?

లైన్‌ఇన్‌చార్జ్_బొమ్మసంద్ర:

బెంగళూరు బొమ్మసంద్రలో మా ఫ్యాక్టరీ లైన్‌లో పనిచేసే కుర్రాడి గురించి అడుగుతున్నాను. 26 ఏళ్ళు, హిందూపురం వైపు అబ్బాయి, అత్తిబెలెలో రూమ్. 11 వారాల క్రితం సెకండ్ షిఫ్ట్ ముగించుకుని బైక్ మీద వెళ్తుంటే చందాపుర దాటాక వెనక నుంచి లారీ తగిలింది. వెనక కూర్చున్న స్నేహితుడు అక్కడికక్కడే పోయాడు. ఇతనికి కాలర్‌బోన్ విరిగింది. హెల్మెట్ ఉంది, అయినా కాసేపు స్పృహ లేదు. ఎముక అతుక్కుంది, ఆరు వారాలకు డ్యూటీలో చేరాడు.

ఏడవడు. పని తప్పు పట్టేలా లేదు. అందుకే అందరూ “గట్టి మనిషి” అంటున్నారు. కానీ లోడింగ్ బేలో లారీ ఎయిర్ బ్రేక్ బుస్సుమనగానే చేతిలో స్పానర్ జారిపోతుంది. గోడకు రెండు చేతులూ ఆనించి నిలబడిపోతాడు, పిలిచినా ఒక నిమిషం పలకడు. తర్వాత ఏమీ జరగనట్టు స్పానర్ తీసుకుని పనిలో పడతాడు. బైక్ అమ్మేశాడు. హోసూరు రోడ్డు మీద ఒక్క బస్సులో రావాల్సినవాడు ఆనేకల్, జిగని చుట్టి బస్సులు మారి వస్తున్నాడు, రెండింతలకు పైగా దూరం. అడిగితే “అటు ట్రాఫిక్ తక్కువన్నా” అంటాడు. పోయిన అబ్బాయి వాళ్ళమ్మ ఫోన్ చేస్తే ఎత్తడు. క్వార్టర్ పడందే నిద్ర పట్టదట, పట్టినా మూడింటికి కేకలు వేస్తూ లేస్తాడని రూమ్మేట్ చెప్పాడు. ఛాతీ పట్టేసిందని రెండుసార్లు ఈసీజీ తీయించుకున్నాడు. నార్మల్ అన్నారు, గ్యాస్ మాత్రలిచ్చి పంపారు. ఇంట్లోవాళ్ళేమో దడుసుకున్నాడని కదిరి తీసుకెళ్ళి తాయెత్తు కట్టించారు. ఇప్పుడు పర్మనెంట్‌గా నైట్ షిఫ్ట్ వేయమని అడుగుతున్నాడు.

పీటీఎస్‌డీ అంటే యుద్ధానికి వెళ్ళిన సైనికులకు వచ్చేదని మా మేనేజర్ అంటున్నారు. ఇది దుఃఖమా, మామూలు భయమా, జబ్బా? దేన్ని చూసి తేల్చుకోవాలి?

సైకాలజీ_జయనగర్:

మేనేజర్ గారి మాట పాతది. మొదటి ప్రపంచ యుద్ధంలో దీన్ని షెల్ షాక్ అనేవాళ్ళు, వియత్నాం యుద్ధం తర్వాత దీని మీద దృష్టి పెరిగింది, ఆ మాట నిజమే. కానీ 1980లో అమెరికన్ సైకియాట్రీ వాళ్ళ డీఎస్‌ఎం-3లో (మానసిక జబ్బుల జాబితా పుస్తకం, మూడో కూర్పు) పీటీఎస్‌డీ అన్న పేరు చేరినప్పటి నుంచీ అది సైనికులకే పరిమితం కాదు. ఇప్పుడు వాడుతున్న డీఎస్‌ఎం-5 ప్రకారం చావును, పెద్ద గాయాన్ని, లైంగిక హింసను స్వయంగా ఎదుర్కొన్నా, కళ్ళారా చూసినా, దగ్గరివాళ్ళకు హింస వల్లో ప్రమాదం వల్లో అలా జరిగిందని తెలిసినా లెక్కే. మీ అబ్బాయికి ఎదుర్కోవడం, చూడటం రెండూ ఉన్నాయి. పోయిన అబ్బాయి తల్లి అక్కడ లేకపోయినా ఆమెకూ ఇది రావచ్చు, ఆమెనూ ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. టీవీలోనో ఫోన్‌లోనో యాక్సిడెంట్ వీడియో చూసినంత మాత్రాన (అది ఉద్యోగంలో భాగమైతే తప్ప) ఈ లెక్కలోకి రాదు.

తర్వాత చూడాల్సింది కాలం. మొదటి మూడు రోజులు ఎలా ఉన్నా పేరు పెట్టకూడదు. మూడు రోజుల నుంచి నెల వరకు లక్షణాలు గట్టిగా ఉంటే అక్యూట్ స్ట్రెస్ డిజార్డర్ అంటారు. చాలామందికి ఆ నెలలోపే వాటంతట అవే సద్దుమణుగుతాయి. నెల దాటినా తగ్గకుండా పనికో, నిద్రకో, మనుషులకో అడ్డం పడుతుంటేనే పీటీఎస్‌డీ. కొందరిలో ఆరు నెలలు దాటాక గానీ పూర్తి రూపం బయటపడదు. 11 వారాలంటే, ఆగి చూద్దాం అనే దశ దాటిపోయింది.

లక్షణాలు మొత్తం 20, నాలుగు గుంపులు. మొదటి గుంపులో ఉండేది సంఘటన మళ్ళీ మళ్ళీ చొరబడటం: పీడకలలు, వద్దన్నా వచ్చే దృశ్యాలు, గుర్తుచేసేది ఏదైనా ఎదురైతే గుండె దడ, చెమట. గుర్తు రావడం వేరు, మళ్ళీ జరగడం వేరు. గుర్తు వచ్చినవాడికి తాను ఈ రోజు ఇక్కడే ఉన్నానని తెలుస్తుంది. స్పానర్ జారాక ఆ నిమిషం పాటు పలకని మనిషి బహుశా మీ లోడింగ్ బేలో లేడు, చందాపుర రోడ్డు మీద ఉన్నాడు. దాన్నే ఫ్లాష్‌బ్యాక్ అంటారు. ఈ గుంపులోని 5 లక్షణాల్లో ఒక్కటి ఉన్నా చాలు.

రెండో గుంపు తప్పించుకోవడం. ఇందులో లక్షణాలు రెండే: ఆ ఆలోచనల నుంచి తప్పించుకోవడం, ఆ చోట్లు, మనుషులు, మాటల నుంచి తప్పించుకోవడం. ఒకటి ఉంటే చాలు, కానీ ఆ ఒక్కటీ లేకుండా పీటీఎస్‌డీ అనరు. బయటివాళ్ళు పొరపడేది సరిగ్గా ఇక్కడే. భయపడేవాడు వణుకుతూ కనిపిస్తాడని అనుకుంటాం. బాగా తప్పించుకునేవాడు వణకడు, ఎందుకంటే భయం పుట్టే చోటికే పోడు. బైక్ అమ్మాడు, దారి మార్చాడు, ఫోన్ ఎత్తడు. అన్నిటికీ నమ్మదగిన కారణాలు చెప్తాడు. ఈ అబ్బాయి విషయంలో అందరూ తేరుకోవడం అంటున్నది నా దృష్టిలో చాలా భాగం ఇదే. కాబట్టి ఏం చేస్తున్నాడన్నది కాదు, ఆ రోజు నుంచి ఏమేం మానేశాడో రాసిపెట్టుకోండి. డాక్టర్‌కు అంతకంటే పనికొచ్చే కాగితం లేదు.

మూడోది మనసు మొద్దుబారడం, తనను తాను నిందించుకోవడం. “ఆ రోజు నేను తొందరపెట్టకపోతే వాడు బతికేవాడు” లాంటి మాట, ఎవరితోనూ అంటీముట్టనట్టు ఉండటం, నచ్చినవి వదిలేయడం. 7లో రెండు కావాలి. నాలుగోది శరీరం ఎప్పుడూ కాపలా కాస్తున్నట్టు ఉండటం: ఉలిక్కిపడటం, తలుపుకు వీపు పెట్టి కూర్చోలేకపోవడం, ఉత్తపుణ్యానికి కోపం, ధ్యాస నిలవకపోవడం, నిద్ర లేకపోవడం. 6లో రెండు. ఈసీజీ నార్మల్ వచ్చిన ఆ ఛాతీ పట్టేయడం ఇక్కడిదే అయ్యుండొచ్చు.

దుఃఖమా అన్నారు. దుఃఖంలో ఉన్న మనిషి పోయినవాడి వైపు జరుగుతాడు. ఫోటో చూసుకుంటాడు, వాడి గురించి మాట్లాడితే ఏడుపు వచ్చినా మాట్లాడాలనే ఉంటుంది. పీటీఎస్‌డీలో ఫోటో తిప్పేస్తాడు, ఎందుకంటే ముఖం గుర్తొస్తే రోడ్డు గుర్తొస్తుంది. రెండూ ఒకేసారి ఉండొచ్చు. అప్పుడు జబ్బు అడ్డం పడి దుఃఖం బయటికి రాదు. ఆ తల్లి ఫోన్ ఎత్తకపోవడాన్ని రాతిగుండె అని ఎవరూ అనుకోకుండా చూడండి.

వార్డ్_సిస్టర్:

పైన చెప్పినదానికి నాలుగు మాటలు కలుపుతాను అన్నా. స్పృహ తప్పాడన్నారు కదా, అది వదిలేయకండి. తలకు దెబ్బ తగిలాక కూడా మతిమరుపు, చిరాకు, నిద్ర చెడటం, వెలుతురు, చప్పుడు పడకపోవడం ఉంటాయి. తలనొప్పి, కళ్ళు తిరగడం ఎక్కువగా ఉంటే తల వైపు అనుమానం. పీడకలలు, ఫలానా చోటికి పోలేకపోవడం ఉంటే పీటీఎస్‌డీ వైపు. ఒకే మనిషికి రెండూ ఉండొచ్చు. తలనొప్పి రోజురోజుకీ పెరిగినా, వాంతులైనా, మత్తుగా పడి ఉన్నా, ఒక పక్క చెయ్యో కాలో పట్టు తప్పినా అది మనసు సంగతి కాదు, వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్ళాలి. తలలో రక్తం మెల్లగా చేరి వారాల తర్వాత బయటపడటం ఉంది, తాగేవాళ్ళలో ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ.

క్వార్టర్ సంగతి. మందు నిద్ర పట్టిస్తుంది, కానీ కలలొచ్చే నిద్రను మొదటి సగంలో అణచిపెడుతుంది. దాని పట్టు వదిలాక అణగినదంతా తెల్లవారుజామున ఒక్కసారిగా పొంగుతుంది. మూడింటికి కేకలు వేయడంలో దాని వాటా ఉండొచ్చు. అలాగని రోజూ తాగే మనిషిని రేపటి నుంచి చుక్క ముట్టొద్దని కట్టేయకండి. ఎంత తాగుతున్నాడో డాక్టర్‌కు నిజం చెప్పాలి. బాగా అలవాటైన ఒంటికి ఒక్కసారిగా ఆపితే మొదటి రోజే వణుకు, రెండు రోజుల్లోపు ఫిట్స్, ఆ తర్వాత మతి చెదరడం దాకా పోవచ్చు. ప్రాణం మీదికి వచ్చే సంగతి అది.

ఎవరో ఒకరు అల్ప్రాజోలం మాత్ర సలహా ఇస్తారు. తీసుకోనివ్వకండి. ఆ రాత్రికి హాయిగా ఉంటుంది, జబ్బు అక్కడే ఉంటుంది, అలవాటు పడతాడు, మందుతో కలిపితే ఊపిరికే ముప్పు. దీనికి డాక్టర్లు ఎక్కువగా రాసేది సెర్ట్రలిన్ లాంటివి. తక్కువ మోతాదుతో మొదలుపెట్టి పెంచుతారు, గుణం తెలియడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదటి వారంలో వికారం, కాస్త అలజడి ఉండొచ్చు. చాలామంది “పడలేదు” అని మానేసేది అప్పుడే.

రూమ్మేట్‌కు ఒక మాట చెప్పండి. పీడకలలో ఉన్నవాడిని భుజం పట్టి కుదపకూడదు, చెయ్యి విసురుతాడు. లైటు వేసి, కాళ్ళ వైపు నిలబడి, పేరు పెట్టి పిలవాలి. “ఇది అత్తిబెలె రూమ్, నేను ఫలానా, టైమ్ మూడున్నర” అని మామూలు గొంతుతో చెప్పాలి. కల ఏమిటని ఆ వేళ అడగొద్దు. నీళ్ళిచ్చి, పాదాలు చల్లటి నేల మీద ఆనించమనండి.

చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు. “వాడి బదులు నేను పోవాల్సింది” అన్నాడంటే తప్పకుండా అడగాలి. అవునన్నాడో, ఆ రాత్రి ఒంటరిగా వదలొద్దు.

తాయెత్తు మాత్రం ఎవరూ విప్పించకండి. దానివల్ల నష్టం లేదు, ఇంట్లోవాళ్ళు మన వెంట ఉండటం ముఖ్యం. దడుసుకున్నాడన్న వాళ్ళ మాట కూడా తప్పు కాదు.

లైన్‌ఇన్‌చార్జ్_బొమ్మసంద్ర:

ఇద్దరికీ దండాలు. నిమ్హాన్స్‌కి (బెంగళూరులోని మానసిక, నరాల ఆసుపత్రి) రెండుసార్లు వెళ్తానని బయలుదేరి వెళ్ళలేదు, “లీవ్ దొరకలేదు” అన్నాడు. లీవ్ ఇచ్చింది నేనే. ఆన్‌లైన్‌లో పీసీఎల్-5 అనే ప్రశ్నాపత్రం కనపడింది, నింపించమంటారా? ఇంకోటి, మా వాళ్ళలో ఒకడు బైక్ మీద ఎక్కించుకుని ఆ స్పాట్‌కే తీసుకెళ్తానంటున్నాడు, ఒక్కసారి చూస్తే భయం పోతుందని. ఆఫీసులో తెలిస్తే ఉద్యోగానికి ఇబ్బందా అని కూడా అబ్బాయి అడుగుతున్నాడు.

పీఎస్‌డబ్ల్యూ_లక్కసంద్ర:

లీవ్ కాదు సమస్య. నిమ్హాన్స్ ఎక్కడుంది? హోసూరు రోడ్డు మీద! అతను దాదాపు మూడు నెలలుగా ఏ రోడ్డు నుంచి పారిపోతున్నాడో అదే రోడ్డు మీద ఆసుపత్రికి రమ్మంటున్నాం. బొమ్మసంద్రలో మెట్రో యెల్లో లైన్ ఎక్కించండి. రైలు సిల్క్ బోర్డ్ దాకా హోసూరు రోడ్డు వెంబడే పోతుంది, కానీ లారీ చప్పుడు లోపలికి రాదు. జయదేవ స్టేషన్లో దిగి బన్నేరుఘట్ట రోడ్డు మీదుగా ఆటోలో డెయిరీ సర్కిల్ వస్తే ఆసుపత్రి అక్కడి నుంచి దగ్గరే. తోడు ఒక మనిషి ఉండాలి. పొద్దున్నే చేరండి, రోజంతా పడుతుందనుకుని రండి. మొదటి రోజు చూసి, వివరంగా మాట్లాడటానికి ఇంకో తేదీ ఇవ్వొచ్చు. ఆ రెండో తేదీ దగ్గరే ఇలాంటివాళ్ళు జారిపోతారు, మెట్రో టికెట్ మీరే తీయండి. పాత ఈసీజీలు, తల స్కాన్, డిశ్చార్జి కాగితం, పైన చెప్పిన “మానేసినవి” చీటీ వెంట తెచ్చుకోండి.

అప్పటిదాకా 14416 ఉంది. 2022 అక్టోబర్ 10న మొదలైన టెలి-మానస్ లైన్ అది, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. డబ్బులు పడవు, 24 గంటలూ పనిచేస్తుంది, భాష ఎంచుకునేటప్పుడు తెలుగు నొక్కొచ్చు. అర్ధరాత్రి మూడింటికి రూమ్మేట్ అయినా చేయొచ్చు.

పీసీఎల్-5లో 20 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 4, మొత్తం 80. 31–33 దాటితే పీటీఎస్‌డీ ఉండే అవకాశం గట్టిగా ఉందని లెక్క, అంతేగానీ నిర్ధారణ కాదు. అది గడిచిన నెల రోజుల గురించి, ఆ ఒక్క సంఘటన గురించే అడుగుతుంది. జీవితంలోని కష్టాలన్నీ కలిపి నింపితే అంకె పనికిరాదు. మీ ముందు మాత్రం నింపించకండి. పై అధికారి ఎదురుగా ఎవరైనా సున్నాలే వేస్తారు. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటి ఉంది. బాగా తప్పించుకునేవాడు “గుర్తుచేసేవి ఎదురైతే ఎంత ఇబ్బంది?” అన్నచోట 0 వేస్తాడు, ఎందుకంటే ఎదురుకానివ్వడు. అంకె తక్కువ వచ్చిందని ఊరుకోవద్దు.

మాట్లాడేటప్పుడు జబ్బు పేరు ఎత్తకండి, యాక్సిడెంట్ ఎలా జరిగిందని అడగకండి. చూసినదే చెప్పండి: “లారీ చప్పుడుకు నీ చెయ్యి వణకడం చూశాను తమ్ముడూ. అది పిరికితనం కాదు, దెబ్బ తగిలిన ఒళ్ళు అలాగే చేస్తుంది, దానికి వైద్యం ఉంది. మంగళవారం నేను వస్తాను, కలిసి వెళ్దాం.” అంతే. “మర్చిపో”, “నీకంటే కష్టాలు పడ్డవాళ్ళు లేరా” అన్న మాటలు ఇంకెవరినీ అననివ్వకండి.

ఉద్యోగం గురించి: 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ ప్రకారం చికిత్స వివరాలు గోప్యంగా ఉంచడం ఆసుపత్రి బాధ్యత. లీవ్ కోసం సర్టిఫికెట్‌లో జబ్బు పేరు వివరంగా రాయకుండా విశ్రాంతి అవసరమని మాత్రం రాయమని డాక్టర్‌ను అడగొచ్చు. మానసిక జబ్బులకూ శరీర జబ్బులతో సమానంగా బీమా ఇవ్వాలని అదే చట్టం 21(4) చెప్తుంది. కానీ చాలా పాలసీలు అడ్మిట్ అయితేనే డబ్బిస్తాయి, ఓపీ ఖర్చు మీదే అనుకోండి.

సైకాలజీ_జయనగర్:

స్పాట్‌కు తీసుకెళ్తానన్న కుర్రాణ్ణి ఈ రోజే ఆపండి. భయాన్ని ఎదుర్కోవడం చికిత్సలో ఉన్నమాట నిజమే, అందుకే ఆ ఆలోచన మంచిదనిపిస్తుంది. తేడా అంతా ఎలా అన్నదాంట్లో ఉంది. బలవంతంగా తీసుకెళ్తే భయం శిఖరానికి చేరిన క్షణంలో బండి దిగి పారిపోతాడు. పారిపోగానే ఊపిరి ఆడుతుంది. “పారిపోయాను కాబట్టి బతికాను” అన్న పాఠం ఒంట్లో ఇంకా లోతుగా దిగుతుంది. మళ్ళీ ఎవరినీ నమ్మడు.

ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్ అనే పద్ధతిలో మెట్లు అతనే రాస్తాడు. ఒక్కో మెట్టుకు 0 నుంచి 100 వరకు భయం అంకె వేస్తాడు. ఆగి ఉన్న లారీని దూరం నుంచి చూడటం ఒకరికి 40 కావచ్చు, పగటిపూట హోసూరు రోడ్డు మీద బస్సులో ఒక స్టాప్ పోవడం 60, ఆ స్పాట్ దగ్గర దిగి నిలబడటం 95. మధ్య మెట్టు దగ్గర మొదలుపెట్టి, భయం దానంతట అది బాగా దిగేదాకా అక్కడే ఉండాలి, ముప్పావు గంటైనా సరే. అదే మెట్టు మళ్ళీ మళ్ళీ చేయాలి, తర్వాతే పైది. దీంతో పాటు గదిలో థెరపిస్ట్ ఎదుట సంఘటనను మొదటి నుంచి చివరి దాకా చెప్పించడం ఉంటుంది. సాధారణంగా 90 నిమిషాల సెషన్లు, 8 నుంచి 15 దాకా. కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీ 12 సెషన్లు, అందులో “నా వల్లే పోయాడు” లాంటి మాటల మీద ఎక్కువ పని జరుగుతుంది, ఈ అబ్బాయికి అది కుదరొచ్చు. ఈఎండీఆర్ (కళ్ళను అటూ ఇటూ కదిలిస్తూ ఆ జ్ఞాపకం మీద పనిచేయడం) కూడా పనిచేసే పద్ధతే.

థెరపిస్ట్‌ను మొదటి రోజే అడగండి: ఏ పద్ధతి, సుమారు ఎన్ని సెషన్లు, ఇంటి దగ్గర చేయాల్సిన పని ఏమైనా ఇస్తారా? “వచ్చి మాట్లాడుతూ ఉండండి, తేలికపడుతుంది” అన్నదే జవాబైతే వేరే చోటు చూడండి. క్లినికల్ సైకాలజిస్ట్ అయితే రీహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబర్ ఉంటుంది, అడగడం తప్పు కాదు. వీలైతే తెలుగు వచ్చినవాళ్ళనే వెతకండి. ఆ రాత్రి అతని నోట వచ్చిన కేక తెలుగులో వచ్చింది. ఇంగ్లీషులో చెప్తే వార్త చదివినట్టు చెప్పేసి లేచిపోతాడు, లోపలిది లోపలే ఉంటుంది.

నైట్ షిఫ్ట్ ఇవ్వకండి. రాత్రి పడుకోవాల్సిన అవసరం లేకుండా చేసుకోవడానికి అడుగుతున్నాడని నా అనుమానం, అది కూడా తప్పించుకోవడమే. పైగా పగటి నిద్ర తునకలు తునకలుగా ఉంటుంది, ఉలికిపాటు పెరుగుతుంది. వీలైతే పగలు వేయండి. స్టోర్స్‌లోకి పంపేసి లారీ కనపడకుండా కూడా చేయొద్దు. బండి రివర్స్ అయ్యే ముందు “లారీ వస్తోంది, బ్రేక్ చప్పుడు ఉంటుంది” అని ఎవరైనా ఎదుటి నుంచి, అతనికి కనిపించేలా వచ్చి చెప్పే ఏర్పాటు చేయండి. ఆ వేళ చేతిలో స్పానర్ గానీ, రన్నింగ్ మెషీన్ గానీ లేకుండా చూడండి. వెనక నుంచి భుజం తట్టొద్దని లైన్‌లో అందరికీ చెప్పండి, ఎందుకో చెప్పక్కర్లేదు.

లైన్‌ఇన్‌చార్జ్_బొమ్మసంద్ర:

మంగళవారానికి ఇద్దరికీ లీవ్ పెట్టాను. బొమ్మసంద్ర స్టేషన్ దగ్గర ఆరున్నరకు కలుద్దామన్నాను, “సరే అన్నా” అన్నాడు. అత్తిబెలె నుంచి స్టేషన్‌కు ఎలా వస్తావని అడిగితే కాసేపు ఆగి, జిగని మీదుగా వస్తానన్నాడు. రానీ అనుకున్నాను. మానేసినవి రాస్తూ కూర్చుంటే చీటీలో తొమ్మిది తేలాయి. క్రికెట్ మానేశాడని ఇప్పుడే గుర్తొచ్చింది.